భోపాల్ కాదు, భోపాల్‌పట్నం

(అంబేద్కర్ జయంతి సందర్భంగా భోపాల్‌పట్నంలో విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



పెద్దలకు, ఇప్పపువ్వు ఏరే పని ఒక పూట వదిలేసి వచ్చిన అమ్మలకు, ముందు వరసలో కూర్చొని ఫోన్లు చూస్తున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం. నన్ను పిలిచిన అన్నలు "హైదరాబాద్‌లో జాబ్ చేస్తున్నవు కదా చెల్లే, పిల్లలకు నాలుగు మాటలు చెప్పు, ధైర్యం వస్తది" అన్నారు. ఒకరికి ధైర్యం ఇచ్చేంత పెద్ద జాబ్ కాదు నాది. డిగ్రీ అయి రెండేళ్లయింది. ఒక కాల్ సెంటర్‌లో హెడ్‌సెట్ పెట్టుకొని కూర్చుంటాను. అందుకే గెలిచిన కథ చెప్పను. నేను చేసిన ఒక తప్పు చెప్తాను. మీరు రేపు బస్సెక్కుతారు కాబట్టి అది మీకు పనికొస్తుంది.

మన ఊరి సంగతి మీకు చెప్పాల్సిన పని లేదు. మన రాజధాని రాయ్‌పూర్ కంటే మనకు హైదరాబాద్ దగ్గర. బడిలో హిందీ, ఇంట్లో తెలుగు, సంతలో దోర్లీ, గోండీ, హల్బీ. నాకు తెలుగు అక్షరాలు ఏ బళ్లోనూ చెప్పలేదు. సినిమా పోస్టర్లు, బస్సుల మీది బోర్డులు చూసి కూడబలుక్కొని నేర్చుకున్నాను. గోదావరి మీద ముల్లకట్ట వంతెన వచ్చాక 163వ నంబర్ జాతీయ రహదారి మనల్ని నేరుగా ఏటూరునాగారం, ములుగు, వరంగల్ మీదుగా హైదరాబాద్‌కు కలిపేసింది. ఆ రోడ్డు మీదనే నేనూ పోయాను.

హైదరాబాద్‌లో అడుగుపెట్టిన మొదటి రోజు హాస్టల్ ఆంటీ అడిగింది, "ఏ ఊరు?" అని. "భోపాల్‌పట్నం" అన్నాను. "ఓ, భోపాలా! మధ్యప్రదేశ్ నుంచి వచ్చి తెలుగు ఎంత బాగా మాట్లాడుతున్నావ్!" అంది. నేను నవ్వి ఊరుకున్నాను. కాదని చెప్పలేదు. భోపాల్ అంటే పెద్ద సిటీ. బస్తర్ అంటే ఎదుటివాళ్ల మొహం మారుతుంది. "అమ్మో, అక్కడ నక్సలైట్లు కదా?" అంటారు. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పే ఓపిక లేక, ఏడాదిన్నర పాటు నేను భోపాల్ పిల్లనే అయిపోయాను.

ఊరు దాచాక కులం దాచడం ఎంతసేపు? హాస్టళ్లలో కులం అడగరు, అడ్వాన్స్ అడుగుతారు. అది మంచిదే. నలుగురు అమ్మాయిలం కలిసి గది చూసుకుందామని బయల్దేరినప్పుడు తెలిసింది. ఒక ఓనరమ్మ ఇంటిపేరు అడిగింది. ఇంకొకాయన "మీరేమిట్లు?" అన్నాడు. మరొకరు "నాన్‌వెజ్ వండుతారా, ఏ నాన్‌వెజ్?" అన్నారు. మూడూ ఒకటే ప్రశ్న. నాలుగో ఇంట్లో నేను నోరు తెరవకుండా నా ఫ్రెండ్‌తో మాట్లాడించాను. గది దొరికింది. ఆ రాత్రి అందరూ బిర్యానీ తెప్పించుకొని పండగ చేసుకున్నారు. నాకు మాత్రం ముద్ద దిగలేదు.

అప్పుడు నాకు బాబాసాహెబ్ బరోడా సంగతి గుర్తొచ్చింది. 1917లో ఆయన అమెరికాలో, లండన్‌లో చదివి వచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్లారు. అంత చదువు చదివినా ఊళ్లో ఉండటానికి గది లేదు. ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరు పెట్టుకొని దిగారు. పదకొండో రోజు పొద్దున కర్రలు పట్టుకొని మనుషులు వచ్చి బయటికి పొమ్మన్నారు. ఎక్కడికీ పోలేక కమాఠీబాగ్ తోటలో కూర్చొని, రాత్రి రైలుకు బొంబాయి తిరిగి వెళ్లిపోయారు. మనందరి పేరూ నిలబెట్టిన మనిషి కూడా ఒకసారి తలమీద కప్పు కోసం పేరు మార్చుకోవాల్సి వచ్చింది. కాబట్టి పేరు దాచినవాళ్లను నేను తప్పుపట్టను. అయితే ఆయన ఆ సంగతి కడుపులో పెట్టుకోలేదు. రాసి పెట్టారు. సిగ్గుపడాల్సింది దాచుకున్నవాడు కాదు, దాచుకునేలా చేసినవాళ్లు అని మనకు అర్థమయ్యేది ఆయన రాశారు కాబట్టే.

ఇక పని సంగతి. మన హిందీ, మన తెలుగు రెండూ పనికొచ్చే చోటు కాల్ సెంటర్. ట్రైనింగ్‌లో మేడం నన్ను లేపి "నీ హిందీలో తెలుగు యాస, తెలుగులో హిందీ యాస, ముందు రెండూ కడుక్కో" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. భోజనం టైమ్, బాత్రూం టైమ్ తీసేసి రోజుకు తొమ్మిది గంటలు లైన్‌లో ఉండాలి. వారానికి ఆరు రోజులు. లెక్కేస్తే 54 గంటలు. ఒకరోజు క్యాబ్‌లో కూర్చొని ఈ 54 అనే అంకె ఎక్కడో చదివానే అనుకున్నాను. బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడు. ఏడాది పొడవునా నడిచే ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటలున్న పనిని 48కి తగ్గిస్తూ 1946లో ఫ్యాక్టరీల చట్టానికి సవరణ వచ్చింది. ఆ బిల్లు తెచ్చింది ఆయనే. అంటే మా తాత పుట్టినప్పటి లెక్కకు నేను ఏసీ గదిలో కూర్చొని తిరిగి వచ్చేశాను! జీతం చూసి సంబరపడండి, తప్పులేదు. కానీ గంటలు కూడా లెక్కపెట్టండి.

మరి పనయ్యాక? నేను సినిమాలు చూస్తాను. పాటలు వింటాను. మా గదిలో నలుగురికీ ఒకటే అకౌంట్, ఎవరి వంతు ఎప్పుడని రోజూ కొట్లాట. సినిమా పిచ్చి మంచిది కాదని పెద్దలు అంటారు. కానీ నాకు నగరం గురించి, నా గురించి ఆలోచన పుట్టించింది కూడా సినిమానే.

'ఆర్ఆర్ఆర్' మీరంతా చూశారు. 2022లో వచ్చినప్పుడు నేనూ ఈల వేశాను. మన గోండు వీరుడు భీమ్ తెర మీద పులితో తలపడుతుంటే ఎవరికి రోమాలు నిక్కబొడుచుకోవు? ఆ కథలో భీమ్ ఢిల్లీ నగరంలో అక్తర్ అనే పేరుతో దాక్కొని బతుకుతాడు. చూస్తూ "అరే, వీడూ నాలాగే" అనుకున్నాను. చివర్లో రాముడు నీకేం కావాలని అడిగితే, భీమ్ చదువు చెప్పమని అడుగుతాడు. రాముడు జెండా మీద 'జల్ జంగల్ జమీన్' అని రాసిస్తాడు. అక్కడ నా ఈల ఆగిపోయింది. ఆ మాట లోకానికి ఇచ్చింది కొమురం భీం అని మనం చెప్పుకుంటాం. నిజం భీం నిజాం సర్కారును ఎదిరించి 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చాడు. యవ్వనంలోనే చదవడం, రాయడం నేర్చుకున్నాడని ఆయన కథ చెప్పేవాళ్లు చెప్తారు. మరి సినిమాలో ఆయన మాటను ఆయనకే ఇంకొకరు రాసివ్వడం ఏంటి? సినిమాను తిట్టమని నేను అనడం లేదు. ఈల వేయండి. కానీ మన బొమ్మ వేసినప్పుడు మన చేతిలో కలం ఉందో లేదో కూడా చూడండి.

ఇంకో సినిమా 'లవ్ స్టోరీ', 2021లో వచ్చింది. ఆర్మూర్ నుంచి వచ్చిన దళిత అబ్బాయి హైదరాబాద్‌లో జుంబా సెంటర్ నడుపుతాడు. అదే ఊరి పెద్దకులం అమ్మాయి జాబ్ వెతుక్కుంటూ వస్తుంది. నగరంలో ఇద్దరూ కలిసి డాన్స్ చేస్తారు గానీ, ఊరు వాళ్లను వెంటాడుతూనే ఉంటుంది. మా గదిలో అది చూశాక ఎవరూ మాట్లాడలేదు. ఒకమ్మాయి మాత్రం "ఇప్పుడు కులం ఎక్కడుందే?" అంది. గది వెతికిన రోజు నా పక్కనే ఉన్న అమ్మాయి.

'కబాలి' మొదట్లో జైల్లో రజనీకాంత్ చేతిలో ఒక పుస్తకం ఉంటుంది, గమనించారా? అది వై.బి. సత్యనారాయణ గారు రాసిన 'మై ఫాదర్ బాలయ్య'. తెలుగులో 'మా నాయన బాలయ్య'. ఒక తెలంగాణ మాదిగ కుటుంబం ఊరు వదిలి, రైల్వే పనిలో చేరి, పట్టాల వెంట ఊళ్లు మారుతూ పిల్లల్ని చదివించుకున్న కథ. సినిమా చూసి ఆ పుస్తకం వెతికాను. నాకు తెలుగు చదవడం నెమ్మది కదా, నైట్ షిఫ్ట్ క్యాబ్‌లో రోజుకు రెండు పేజీలు. అందులో ఎవరూ తమ పేరు దాచుకున్నందుకు గొప్పవాళ్లు కాలేదు. చెప్పుకుని చదువుకున్నారు. పుస్తకం ఇంకా సగంలో ఉండగానే నేను ఆ తప్పు చేశాను.

మొన్న ఫిబ్రవరిలో సెలవు దొరికి ఇంటికి వస్తున్నాను. వరంగల్‌లో బస్సెక్కాను, చెవుల్లో పాటలు. ఏటూరునాగారం ఇవతల ముగ్గురు ఆడవాళ్లు మూటలతో ఎక్కారు. మిర్చి ఏరడానికి వచ్చినవాళ్లు, ఒక చేనులో పని అయిపోయి ఇంకో చేనుకు పోతున్నారు. మన దిక్కు నుంచి ప్రతి ఏడూ ఎంతమంది పోతారో మీకు తెలుసు. ఈ గుంపులో సగం ఇళ్ల నుంచి పోతారు. నా ముందు సీటులో ఉన్నాయన ముక్కు మూసుకొని "ఈ ఛత్తీస్‌గఢోళ్లు బస్సంతా ఖరాబ్ చేస్తరు" అన్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఆ ముగ్గుర్లో పెద్దామె నా పక్కన నిలబడి కాసేపు నన్ను చూసింది. నేను ఫోన్‌లో అమ్మతో మాట్లాడింది విన్నట్టుంది. "బిడ్డా, నీ మాట మన దిక్కు మాట లెక్క ఉన్నది. మనోళ్ల పిల్లవేనా?" అని అడిగింది.

నేను "కాదు, హైదరాబాద్" అన్నాను.

ఆమె ఏమీ అనలేదు. అవతలికి జరిగి నిలబడింది. నా పక్క సీటు ఖాళీగానే ఉంది, అందులో నా బ్యాగ్ ఉంది.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. ఇప్పపువ్వు కోసం చెట్ల కింద ఊడుస్తూ, అమ్మ తల ఎత్తకుండానే అంది, "ఆమె నిన్ను ఊరు అడగలేదు బిడ్డా, తోడు అడిగింది." ఓనరమ్మ అడిగినప్పుడు దాచాను, సరే, కప్పు కోసం. బస్సులో ఎవరి కోసం దాచాను? ఆమె నా గది లాక్కునేదా? నాకు జవాబు లేదు.

2020 లాక్‌డౌన్ మీకు గుర్తుండాలి. మన బీజాపూర్ జిల్లాకే చెందిన పన్నెండేళ్ల ఆదివాసీ పాప తెలంగాణ మిర్చి చేల నుంచి మూడు రోజులు నడిచి, ఇల్లు ఇంకాస్త దూరంలో ఉండగానే ప్రాణం వదిలింది. అప్పుడు నేను ఫోన్‌లో స్టేటస్ పెట్టి ఏడ్చాను. ఐదేళ్లు తిరగకుండా, అదే పనికి వచ్చిన ఆడమనిషికి పక్క సీటు ఇవ్వలేదు. ఏసీ గదికి పోయేవాళ్లు, మిర్చి చేనుకు పోయేవాళ్లు అని ఈ దారి మనల్ని రెండుగా విడదీస్తుంది. ఆ పని ఓనర్లు చేయరు, మనమే చేసుకుంటాం.

చివరగా పనికొచ్చే రెండు సంగతులు. ఒకటి, కాగితం. జాబితాలో మహార్, మెహ్రా, మెహర్ అని ఉంది. మా బాపు కాగితాల్లో మహారా అని ఉంది. ఒక్క అక్షరం తేడాకు ఎస్సీ సర్టిఫికెట్ రాలేదు. నా డిగ్రీ మొత్తం స్కాలర్‌షిప్ లేకుండానే గడిచింది. 2023లో పార్లమెంట్ చట్టం చేసి మన రాష్ట్రానికి మహారా, మహ్రా పేర్లను కూడా ఆ జాబితాలో చేర్చింది. నా చదువుకు అందలేదు, మా తమ్ముడికి అందింది. మీ ఇళ్లలో ఎవరికైనా ఈ చిక్కు ఉంటే ఇవాళే పెద్దవాళ్లతో కాగితాలు తీయించండి.

రెండోది, ఆ కాగితం ఎక్కడ చెల్లుతుందో తెలుసుకొని పోండి. ఒక రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ అయినవాళ్లు ఇంకో రాష్ట్రానికి బతకడానికి పోతే, అక్కడి రాష్ట్ర ప్రభుత్వ రిజర్వేషన్ వాళ్లకు రాదని సుప్రీంకోర్టు 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో చెప్పింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు మన సర్టిఫికెట్ పనికొస్తుంది. తెలంగాణ రాష్ట్ర ఉద్యోగాలకు పనికిరాదు. చూడండి తమాషా! "మీరేమిట్లు" అనే ప్రశ్న ముల్లకట్ట వంతెన దాటి మనతో పాటే వస్తుంది, సర్టిఫికెట్ మాత్రం ఒడ్డునే ఆగిపోతుంది. అందుకే రైల్వే, బ్యాంకు, ఎస్ఎస్‌సీ పరీక్షలు ఇక్కడ ఉండగానే రాయండి. కాల్ సెంటర్‌కు ఎప్పుడైనా పోవచ్చు.

నగరానికి పోవద్దని నేను చెప్పను. ఊరిని పొగిడేవాళ్లకు బాబాసాహెబ్ 1948లో రాజ్యాంగ సభలోనే గట్టిగా జవాబిచ్చారు. నాకు హైదరాబాద్ ఇష్టం. రాత్రి పన్నెండుకు క్యాబ్ దిగి, చేతిలో నా జీతం డబ్బులతో ఐస్‌క్రీం తింటూ నడిచే ఆ రోడ్డు నాకు ఇష్టం. మా అమ్మకు ఆ రోడ్డు దొరకలేదు. మీకు దొరకాలి.

మొన్న సెలవు నుంచి తిరిగి పోయాక హాస్టల్ ఆంటీ రోడ్డు మీద కనబడి "ఏమ్మా, భోపాల్ నుంచి ఎప్పుడొచ్చావ్?" అంది. "భోపాల్ కాదు ఆంటీ, భోపాల్‌పట్నం. బస్తర్. మా వాళ్లు మిర్చి ఏరడానికి మీ ములుగు జిల్లాకు వస్తారు" అన్నాను. ఆమె మొహం కొంచెం మారింది. తర్వాత "అవునా, కూర్చో, చాయ్ తాగి పో" అంది. అందరూ చాయ్ పోస్తారని గ్యారంటీ లేదు. నా గది ఓనరమ్మకు ఇంకా చెప్పలేదు కూడా. ఈ నెల చెప్తాను. ఖాళీ చేయమంటే మీలో హైదరాబాద్ వచ్చేవాళ్లు నలుగురం కలిసి ఇంకో గది చూసుకుందాం. నా నంబర్ ఇక్కడ అన్నల దగ్గర ఉంది.

మళ్లీ ఫిబ్రవరి వస్తుంది. ఏటూరునాగారం బస్సులో మూటలతో ఎవరైనా ఎక్కితే, మీ బ్యాగ్ ఒళ్లో పెట్టుకోండి. నేనూ పెట్టుకుంటాను.

జై భీమ్.