బడిపిల్లలు - రక్తహీనత

మార్కాపురము పలకలకు పేరుగన్న ఊరు. పలక ముందుంచుకొని అక్షరము దిద్దవలసిన బాలుడు మధ్యాహ్నమగునప్పటికి గోడకు చేరబడి కునుకుచున్నచో, వానిని సోమరి యనుట మనకు పరిపాటి. ఆ మాట యనుటకు ముందు వాని కనురెప్పను క్రిందికి దించి లోపలి రంగు చూడుడు. అది పాలిపోయినదా? నాలుగు మెట్లెక్కగనే ఆయాసము వచ్చుచున్నదా? మట్టియో బలపమో కొరుకు అలవాటున్నదా? ఉన్నచో అది సోమరితనము కాదు, రక్తహీనత కావచ్చును.

ఐదు మొదలు పదునొకండేండ్ల పిల్లలకు నూరు మిల్లీలీటర్ల రక్తములో హీమోగ్లోబిన్ 11.5 గ్రాములకు తగ్గరాదు. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో మన రాష్ట్రమున ఐదేండ్లలోపు శిశువులలో నూటికి 63 మందికి, 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో 59 మందికి ఈ లోపము కనబడినది. ఈ రెండు వయస్సుల నడుమనున్నవారే బడిపిల్లలు.

మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములు మెట్టసీమ. సజ్జ, జొన్న, కొర్ర ఇచ్చటి పాతపంటలు. నూరు గ్రాముల సజ్జలో ఆరు మిల్లీగ్రాములకు మించి ఇనుమున్నది. మరపట్టిన తెల్లబియ్యములో ఒక మిల్లీగ్రామైనను లేదు. సంకటి తినుట బీదతనమని, వరియన్నము గౌరవమని తలచి మనము కోల్పోయినది ఇదే. 2023లో బడులలో రాగిజావ ప్రవేశపెట్టిరి. ఎముకలకు రాగిని మించినది లేదు. ఇనుము విషయములో మాత్రము సజ్జదే పైచేయి.

అయితే ధాన్యములోని ఇనుమును శరీరము సులభముగా గ్రహింపదు. సజ్జలను నానబెట్టి వండినను, అంబలిని పులియబెట్టినను కొంత మేలు. పులుపు తోడైన మరింత మేలు. నిమ్మరసమును కూర దింపిన పిదప పిండవలెను; పొయ్యిమీద కాగినచో దాని గుణము చాలవరకు నశించును. నల్లమల ఉసిరిక మన వాకిటనే యున్నది గదా! కార్తీకమాసపు వనభోజనముతో దానిని మరచుట యెందుకు?

భోజనముతో త్రాగు టీ ఈ శ్రమనంతయు వ్యర్థము చేయును. ఈ ప్రసంగము వినుచున్న ఇంటిలోను ఇప్పుడు టీ కాగుచుండవచ్చును. పెద్దలు త్రాగుడు, పిల్లలకు మాత్రము వలదు.

పొలములో చెప్పులు లేక తిరుగు పిల్లల పాదముల గుండా కొంకిపురుగు లోనికి చేరి, ప్రేగులలో రక్తము పీల్చును. అందుకే ఫిబ్రవరి, ఆగస్టు మాసములలో బడిలో నులిపురుగుల మాత్ర యిత్తురు.

ఆడపిల్లల సంగతి వేరుగా చెప్పవలెను. ఈడేరిన పిల్లకు నెలనెలా రక్తము పోవును. ఇంట మాత్రము అన్నదమ్ములు తిన్న పిదప మిగిలినదే ఆమె పాలు. కూర అడుగంటిన గిన్నె ఆమెకు చేరకుండ తల్లులే చూడవలెను.

బడిలో వారమునకొకమారు ఇచ్చు ఇనుపమాత్రలలో చిన్నవారివి గులాబిరంగువి, పదేండ్లు నిండినవారివి నీలిరంగువి. వానిని వేసికొన్న పిదప మలము నల్లబడినదని బెదరి కొందరు మానిపించుచున్నారు. అది మాత్రలోని ఇనుపు రంగే, భయములేదు. పరగడుపున వికారమైనచో అన్నము తిన్న పిదప ఇండు. రక్తహీనత తేలి, వైద్యుడు చెప్పినట్లు రెండు మాసములు మందు వాడినను పిల్లవాడు తేరుకొననిచో, కారణము ఇనుములోపము కాక మరియొకటి కావచ్చును. మరల ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయింపుడు.