‘క్రుక్’ అను మాట



వార్తాపత్రికలలోను, చదువుకొన్నవారి సంభాషణలలోను ‘క్రుక్’ అను ఆంగ్లపదము మనకు తటస్థపడుచుండును. మోసగాడని దాని అర్థము. ఇది ప్రాచీన నార్సు భాషనుండి ఆంగ్లమునకు వచ్చినది. కొక్కెమని మొదటి అర్థము. ఇంగ్లండులో గొఱ్ఱెలకాపరి చేతనుండు కొక్కెపుకఱ్ఱకును ఇదే పేరు. మందనుండి తప్పిపోవు గొఱ్ఱెను దానితో తగిలించి వెనుకకు లాగుదురు. వంకర యను భావమునుండియే కపటమను అర్థము పుట్టినది. మోసమే వృత్తిగా గలవానిని ‘క్రుక్’ అనుట 19వ శతాబ్ది చివర అమెరికాలో వ్యాప్తి చెందినది.

మన భాషలోను త్రోవ ఇట్టిదే. కుటిలమనగా వంకర; ఋజువనగా తిన్ననిది. కుటిలుడు, ఋజువర్తనుడు అను మాటలు అట్లు వచ్చినవే.

అయితే ఈ మాట ఎవరికి చెల్లును? పంట పోయి బాకీ తీర్పలేని రైతుకు చెల్లదు. అతనిది అశక్తత గాని వంచన కాదు. తూకపురాయి బరువు తగ్గించి దినదినము సరకు అమ్మువానికి చెల్లును. తెలిసి చేయుట, మానక చేయుట అను రెండు గుణములును ఈ మాటలో ఇమిడియున్నవి.

1973 నవంబరు 17న ఫ్లారిడాలో పత్రికాసంపాదకుల యెదుట అమెరికా అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ తాను క్రుక్‌ను కానని పలికెను. తాను ప్రజాసేవవలన అక్రమముగా సొమ్ము గడింపలేదని ఆయన భావము. కాని వాటర్‌గేట్ విచారణను అడ్డగింప యత్నించిన సంభాషణ ధ్వనిముద్రికలో నిలిచియుండెను. సుప్రీంకోర్టు ఆజ్ఞానంతరము 1974 ఆగస్టు 5న అది బయటపడెను. 9న ఆయన పదవి వీడెను. ఆయనను దింపినది తిట్టు కాదు, సాక్ష్యము.

మన చట్టములోను ‘క్రుక్’ అను నేరము లేదు. 1860 నాటి శిక్షాస్మృతిలోని 420వ సెక్షనైనను, 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలోని 318వ సెక్షనైనను, వంచన నిరూపింపబడవలయుననియే కోరును.

మిత్రులారా! పల్లెలో ఒకనిపై పడిన మాట వాని బిడ్డల పెండ్లిండ్లవరకు వెంటాడును. కావున రచ్చబండకడ ఎవనినైన అట్లు పిలుచుటకు ముందు ఆధారమడుగుదము. ఆధారమున్నచో ఎంతటివానినైన అడుగ వెనుదీయకుందము. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము మనకు చదువుట అలవాటు చేసినది. చదివిన మాటను తూచి వాడుట మన వంతు.