పరిశోధించేది ఎవరు?

(విజయవాడలో స్త్రీల సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వైకల్య అధ్యయనాల్లో పిహెచ్.డి. చేయడమంటే ఏమిటో చెప్పమన్నారు. అదేదో వైద్యానికి సంబంధించిన చదువని, లేదా ప్రత్యేక పాఠశాలల టీచరు శిక్షణని చాలామంది అనుకుంటారు. రెండూ కాదు. బస్సుతో మొదలుపెడతాను.

2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. మంచిదే. కానీ అవనిగడ్డలోనో కైకలూరులోనో కాలిపర్లు వేసుకుని నడిచే అమ్మాయికి టికెట్ పోయినా మెట్టు అలాగే ఉంది. ఆమె బస్సు ఎక్కలేకపోవడానికి కారణం ఆమె కాలా, ఆ మెట్టా? ఈ ప్రశ్నలోంచే ఈ శాస్త్రం పుట్టింది. మమ్మల్ని అశక్తుల్ని చేస్తున్నది మా శరీరాలు కాదు, సమాజమేనని 1976లో బ్రిటన్‌లో వికలాంగుల సంఘం ఒకటి ప్రకటించింది. చక్రాల కుర్చీలో తిరిగే సామాజిక శాస్త్రవేత్త మైకేల్ ఆలివర్ 1990లో ఆ ఆలోచన మీద పుస్తకమే రాశాడు. చికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం 1998లో ఇందులో పిహెచ్.డి. ప్రారంభించింది. స్త్రీకి శరీరమే తలరాత అన్న వాదాన్ని తిప్పికొట్టినవాళ్ళం మనం. మనకిది కొత్త పాఠమేమీ కాదు. అయినా మన సభల్లో వికలాంగ స్త్రీలూ, వికలాంగుల సభల్లో స్త్రీలూ మూలకే ఉంటున్నారు. అనితా ఘాయ్ ఏళ్ళ తరబడి రాసింది దీని గురించే.

మనకు సర్వేలకేం కొదవ లేదు. ఎన్ని ట్రైసైకిళ్ళు పంచారు, ఎన్ని చెవి మిషన్లు ఇచ్చారు - లెక్కలు బోలెడు. ఆ లెక్కల్లో ఆమె సమాధానం చెప్పే మనిషే తప్ప ప్రశ్న అడిగే మనిషి కాదు. ఆమే అడిగితే ప్రశ్నలు మారతాయి. సదరం శిబిరంలో 40 శాతం ఉందో లేదో తేల్చేటప్పుడు ఆడపిల్ల శరీరాన్ని ఎవరి ముందు, ఎలా కొలుస్తున్నారు? 2024లో పింఛను 6,000 రూపాయలయింది, 2025లో మళ్ళీ తనిఖీలు జరిగాయి. ఆ 6,000 ఇంట్లో ఎవరి చేతికి పోతోంది? దానివల్ల ఆమెకు మర్యాద పెరిగిందా, కాపలా పెరిగిందా? 1994లో పూణేలో బుద్ధిమాంద్యం ఉన్న బాలికలకు గర్భసంచులు తీసేస్తే స్త్రీల సంఘాలు వీధుల్లోకి వచ్చాయి. మన డెల్టా ఊళ్ళలో తల్లులు గుట్టుగా ఏ నిర్ణయాలు తీసుకుంటున్నారో, వాళ్ళకు అండగా ఎవరున్నారో ఎవరు రాయాలి?

మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్ కథ 2024లో సినిమాగా వచ్చింది. చూపు లేదని పదో తరగతి తర్వాత సైన్సు గ్రూపు ఇవ్వకపోతే కోర్టుకెళ్ళి సాధించుకున్నాడు. అమెరికాలో ఎం.ఐ.టి.లో చదివి 2012లో తిరిగొచ్చి పరిశ్రమ పెట్టాడు. అందరం చప్పట్లు కొట్టాం. అతనికన్నా ముందు ఆ నిబంధన దగ్గర ఎంతమంది ఆగిపోయారు? వాళ్ళలో ఆడపిల్లలెందరు? కోర్టుకెళ్ళమని ఏ ఇంట్లో కూతురికి చెప్పారు? సినిమాకు గెలిచినవాడు చాలు. థీసిస్‌కు ఆగిపోయినవాళ్ళూ కావాలి. 2011 జనాభా లెక్కల్లో వికలాంగ పురుషుల్లో 62 శాతం అక్షరాస్యులైతే స్త్రీలలో 45 శాతమే.

థీసిస్ రాస్తే ఏమొస్తుందని అడిగేవాళ్ళుంటారు. హైదరాబాదు నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రం ఒక నివేదిక తయారుచేసి సుప్రీంకోర్టుకు ఇచ్చింది. రాజీవ్ రాతూరి కేసులో 2024 నవంబరులో కోర్టు దాన్ని ఆధారం చేసుకుని, అందుబాటు ప్రమాణాలు సలహాలుగా ఉంటే చాలదు, తప్పనిసరి చేయాలంది. బస్సు మెట్టు దాకా వెళ్ళే తీర్పు అది.

ఇక దారి. ఆ పేరుతో విభాగం లేనిచోట సోషల్ వర్క్‌లోనో, విద్యాశాస్త్రంలోనో, న్యాయశాస్త్రంలోనో చేరి ఈ అంశం తీసుకోవచ్చు. 2016 చట్టం 32వ సెక్షన్ ప్రకారం ఉన్నత విద్యలో కనీసం 5 శాతం సీట్లు, వయసులో ఐదేళ్ళ సడలింపు ఉన్నాయి. జాతీయ ఫెలోషిప్‌లు దేశం మొత్తానికి ఏడాదికి 200. అనంతమైన సంఖ్యేమీ కాదు! యు.జి.సి. 2022 నిబంధనలు గడువు మీద స్త్రీలకు రెండేళ్ళు, 40 శాతం దాటిన వికలాంగులకు రెండేళ్ళు అదనంగా ఇస్తాయి. రెండూ అయిన మనిషికి ఎంతివ్వాలో రాసినవాళ్ళకు తట్టినట్టు లేదు.

కాగితం మీద లేని ఇబ్బందులు వేరే ఉన్నాయి. తెలుగు పుస్తకాలు చాలావరకు బొమ్మలుగా స్కాన్ చేసి ఉంటాయి, చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అందవు. గ్రంథాలయం పై అంతస్తులో, వీల్‌చైర్ పట్టే మరుగుదొడ్డి ఎక్కడా లేకుండా ఉంటుంది. నేను చదివినచోట మధ్యాహ్నం దాకా మంచినీళ్ళు ముట్టకుండా కూర్చునేవాళ్ళం, ఇద్దరు ముగ్గురం. క్షేత్ర పరిశోధనకు వెళితే మరో చిక్కు. చెవిటి స్త్రీ సైగల్ని మనకు చెప్పేది ఇంట్లో అన్నో, భర్తో. ఆ ఇంట్లో హింస ఉంటే ఆ నోటి ద్వారా మనకు వస్తుందా?

అందుకే మీ సంస్థల్ని అడుగుతున్నాను. మీ కేసు ఫైళ్ళను, పేర్లు తీసేసి, ఈ అమ్మాయిలు చదవడానికి ఇవ్వండి. వచ్చే ప్రాజెక్టులో వాళ్ళను పరిశోధకులుగా జీతానికి తీసుకోండి. బడ్జెట్ రాసేటప్పుడు ఆటో ఖర్చుకొక పద్దు, సైగల భాష తెలిసిన బయటి స్త్రీకి ఇచ్చే ఫీజుకొక పద్దు వేయండి. ఇంటర్వ్యూ జరిగే గంటసేపు ఆ అన్నగారిని వీధి అరుగు మీద కూర్చోమనండి.