బస్సు ఇంట్లో ఇంటర్నెట్: అడాప్టరు కొనే ముందు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల సంగతి ఇతర వక్తలు చూసుకుంటారు, మీరు ఆ వైర్‌లెస్ అడాప్టరు గురించి చెప్పండి అన్నారు కార్యదర్శి గారు. మనలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. మనం వెళ్ళినప్పుడు కొందరు మోటార్‌హోమ్ అద్దెకు తీసుకుని తిప్పుతారు. అది బస్సంత ఇల్లు. పడక, పొయ్యి, స్నానాల గది అన్నీ అందులోనే. రాత్రికి క్యాంప్‌గ్రౌండ్ అనే చోట డబ్బు కట్టి నిలుపుకోవాలి. కరెంటు, నీళ్ళు ఇస్తారు. వైఫై ఉందని బోర్డు కూడా పెడతారు. బోర్డు మీద ఉన్నది బండిలోకి వస్తుందా అన్నదే ప్రశ్న.

2023 వేసవిలో మా అబ్బాయి ఫీనిక్స్ నుంచి గ్రాండ్ కాన్యన్ చూపించడానికి మమ్మల్ని బయలుదేరదీశాడు. దారిలో ఫ్లాగ్‌స్టాఫ్ దగ్గర పైన్ చెట్ల మధ్య మూడు రాత్రులు ఉన్నాం. ఇక్కడ కాకినాడలో మా అన్నయ్యకు 84 ఏళ్ళు, మంచం మీద ఉన్నారు. చెవులు వినపడవు. ఉత్త ఫోను వల్ల ప్రయోజనం లేదు, నా పెదవులు చూసి మాట గ్రహిస్తారు. అరిజోనాలో సాయంత్రం 7 గంటలైతే మనకు మర్నాడు ఉదయం 7.30. ఆ వేళకు మా వదినగారు ఫోను ఆయన ముఖం ముందు పట్టుకుని కూర్చుంటారు. బొమ్మ ఆగిపోతే ఆయనకు మాట ఆగిపోయినట్టే. మొదటి రాత్రి అదే జరిగింది.

మా అబ్బాయి వెంటనే దుకాణానికి బయలుదేరాడు. ఆగమన్నాను. ఇండెంటు పెట్టే ముందు అవసరం రుజువు కావాలి కదా! మర్నాడు సరిగ్గా 7 గంటలకు, అంటే అందరూ వాడే వేళకే, ఫోను పట్టుకుని ఆఫీసు పక్కన వైఫై పెట్టె బిగించిన స్తంభం కిందికి నడిచాను. అన్నయ్య ముఖం స్పష్టంగా కనిపించింది. "ఆ చెట్లు సరుగుడు చెట్లా తమ్ముడూ?" అని కూడా అడిగారు. అంటే బయటి నుంచి వచ్చే లైను బాగానే ఉంది. లోపమంతా స్తంభానికీ మా బండికీ మధ్య ఉన్న దూరంలో, చెట్లలో, బండి రేకు గోడలో ఉంది. అడాప్టరు బాగుచేయగలిగేది ఈ లోపాన్ని మాత్రమే. స్తంభం కింద కూడా బొమ్మ ఆగిపోతూ ఉంటే, ఎంత ఖరీదైన అడాప్టరు కొన్నా ఆ డబ్బు దండగ.

అప్పుడు దుకాణానికి వెళ్ళాం. గోరంత అడాప్టర్లు ఉన్నాయి, చవక. యాంటెన్నా లోపలే ఉంటుంది, రేకు గోడ వెనక దానికీ లాప్‌టాప్‌కీ పెద్ద తేడా ఉండదు. బయట యాంటెన్నా ఉండి, యు.ఎస్.బి. తీగతో దూరంగా పెట్టుకునేది తీసుకున్నాం. పొడుగు పెంచాలంటే యు.ఎస్.బి. తీగనే పెంచాలి, సుమారు 5 మీటర్ల లోపు. యాంటెన్నాకూ అడాప్టరుకూ మధ్య ఉండే తీగను పెంచితే మీటరు మీటరుకూ సిగ్నలు హరించుకుపోతుంది. 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండూ అందుకునేది మేలు. దూరానికి, చెట్లకు 2.4 నయం. దగ్గరగా ఉన్నప్పుడు 5 వేగం. ఒకే దిక్కుకు చూసే యాంటెన్నా ఎక్కువ దూరం అందుకుంటుంది గాని, ప్రతి మజిలీలోనూ స్తంభం వైపు తిప్పుకోవాలి.

పెట్టె మీద కిలోమీటర్ల లెక్క రాసి ఉంటే నమ్మకండి. ఇది రేడియో వినడం వంటిది కాదు. మన మాట కూడా స్తంభానికి వినపడాలి. నా పెదవులు అన్నయ్యకు కనపడాలంటే అదే ముఖ్యం.

ఇంకొక సంగతి. ఈ అడాప్టరు లాప్‌టాప్‌కు మాత్రమే పనికొస్తుంది. ఇంటిల్లిపాదీ ఫోనుల్లో చూసుకోవాలంటే, క్యాంప్‌గ్రౌండ్ వైఫైని అందుకుని బండి లోపల మళ్ళీ పంచే రౌటరు కావాలి. బండి బ్యాటరీ 12 వోల్టుల మీద నడిచే రకాలు ఉంటాయి, అవే అడగండి. 2022 నుంచి మోటార్‌హోమ్‌లకు స్టార్‌లింక్ ఉపగ్రహ సేవ కూడా వచ్చింది. దానికి ఆకాశం తెరిపిగా కనపడాలి, మా పైన్ చెట్ల కింద కుదరదు.

మా అడాప్టరును స్తంభం వైపు కిటికీ పైఅంచున కట్టాం. లాప్‌టాప్‌లో సిగ్నలు మైనస్ 82 నుంచి మైనస్ 67కు వచ్చింది. సున్నాకు ఎంత దగ్గరైతే అంత మంచిది. ఆ రాత్రి అన్నయ్యతో 20 నిమిషాలు మాట్లాడాను. తరువాతి మజిలీలో స్తంభం కిందే బొమ్మ కదలలేదు. సదరు అడాప్టరును సంచిలోంచి తీయనే లేదు. మా అబ్బాయి ఫోను డేటాతో పని గడుపుకున్నాం.

పెన్షను ఖాతా, బ్యాంకు లావాదేవీలు మాత్రం క్యాంప్‌గ్రౌండ్ వైఫైలో చూడకండి. అందుకు ఫోను డేటానే వాడండి. ఇక్కడ మన ఇళ్ళలో కూడా, ముందు గదిలో రౌటరు ఉండి వెనక గదిలో మనకు అందకపోతే, ముందు రౌటరు పక్కన నిలబడి చూడండి.

ఆ అడాప్టరు తెచ్చాను. టీ తాగేటప్పుడు చూడవచ్చు. తీగ మాత్రం గట్టిగా లాగకండి.