సర్వీసు రిజిస్టరులో సవరణ – జన్యు చికిత్స
(మన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డి.ఏ. బకాయిల మీద మాట్లాడే నన్ను ఈసారి జన్యు చికిత్స మీద మాట్లాడమన్నారు. నేను డాక్టరును కాను, ముప్పై నాలుగేళ్లు ఫైళ్లు మోసిన గుమాస్తాను. మా ఇంటి అవసరం కొద్దీ ఈ సంగతి చదువుకోవలసి వచ్చింది.

బోధన్ దగ్గర మా బావమరిదికి రెండెకరాల పొలం ఉంది. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడ్డాక చెరకు మాని వరి వేస్తున్నాడు. అతని మనవడికి కండరాల బలహీనత, మెట్లెక్కలేడు. ఒక ఏజెంటు వచ్చి, "జీన్ ఇంజెక్షన్ ఉంది, ఒక్కటే డోసు, తొమ్మిది లక్షలు" అన్నాడు. యాభై వేలు అడ్వాన్సు ఇచ్చేశారు. మిగతా సొమ్ముకు పొలం కుదువపెడుతూ, జామీను సంతకం కోసం నా దగ్గరకు వచ్చారు. కాగితం చదవకుండా సంతకం పెట్టే అలవాటు నాకు సర్వీసులోనే లేదు!

అసలు విషయానికి వస్తాను. మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ డి.ఎన్.ఎ. అనే సర్వీసు రిజిస్టరు ఉంటుందనుకోండి. అందులో ఒక్కొక్క ఎంట్రీ ఒక జన్యువు. పుట్టిన తేదీ ఒకచోట తప్పు పడితే పెన్షను దాకా ఎలా వెంటాడుతుందో మీకు చెప్పనక్కరలేదు. జన్యువులో తప్పు కూడా అంతే. జన్యు చికిత్స అంటే ఆ ఫైలుకు సరైన నకలు జతచేయడం, లేదా ఎంట్రీనే దిద్దడం. నకలును కణం లోపలికి చేర్చడానికి సాధారణంగా వైరస్‌ను వాడతారు. జబ్బు చేసే గుణం తీసేసి, దాని చేతికి మన కాగితం ఇచ్చి పంపుతారు. అది తపాలా తెచ్చే ప్యూను వంటిది.

1990లో అమెరికాలో ఒక నాలుగేళ్ల పాపకు ఇచ్చిన చికిత్సతో ఈ విద్య మొదలైంది. మన దగ్గరి ఉదాహరణ చూడండి. వెన్నుపాములోని నాడీకణాలు క్షీణించే ఎస్.ఎం.ఏ. జబ్బున్న మూడేళ్ల హైదరాబాదు బాబుకు 2021 జూన్‌లో సికింద్రాబాదులోని రెయిన్‌బో ఆస్పత్రిలో జోల్‌జెన్‌స్మా అనే మందు ఎక్కించారు. ధర సుమారు 16 కోట్లు! వేలమంది దాతలు చందాలు వేస్తే కుదిరింది. ఆ మందు పాత ఎంట్రీని చెరపదు, పక్కన మంచి నకలు పెడుతుంది, అంతే. అప్పటికే చనిపోయిన నాడీకణాలను లేపలేదు. అందుకే ఎంత త్వరగా ఇస్తే అంత మేలు. రెండో డోసు ఎందుకివ్వరంటే, ఒకసారి చూసిన ఆ ప్యూనును మన శరీరం గుర్తుపెట్టుకొని మళ్లీ గేటు దగ్గరే ఆపేస్తుంది.

ప్రమాదాలూ ఉన్నాయి. 1999లో అమెరికాలో పద్దెనిమిదేళ్ల యువకుడు ప్రయోగంలో వైరస్ వికటించి మరణించాడు. జోల్‌జెన్‌స్మా తీసుకున్న ఇద్దరు పిల్లలు కాలేయం దెబ్బతిని చనిపోయినట్లు 2022లో వెల్లడైంది. కాబట్టి ముందు రోజు నుండే స్టెరాయిడ్ ఇస్తారు, నెలల తరబడి కాలేయ పరీక్షలు చేస్తారు. ఆ స్టెరాయిడ్‌ను ఇంట్లో తమంతట తాము ఆపరాదు. టీకాలు కూడా డాక్టరును అడిగే వేయించాలి.

మందును చల్లగా భద్రపరచాలి. ఒకసారి కరిగాక మళ్లీ గడ్డ కట్టించరాదు, కుదపరాదు. కలిపేవారు గ్లౌజులు, కళ్లద్దాలు, గౌను ధరిస్తారు. ఇదంతా ఆస్పత్రివారి పని. మన పని ఇంటికొచ్చాక మొదలవుతుంది. ఆ వైరస్ కొంతకాలం పిల్లవాడి మలంలో బయటికి వస్తుంది. కాబట్టి నెల రోజుల పాటు డైపర్లు మార్చిన తర్వాత సబ్బుతో చేతులు బాగా కడుక్కోవాలి, వాటిని ప్లాస్టిక్ సంచిలో గట్టిగా మూతికట్టి పారేయాలి. నాయనమ్మలు, అమ్మమ్మలు ఇది గుర్తుపెట్టుకోవాలి. మన ఇళ్లలో ఆ పని పడేది వారి మీదే కదా!

మరొక అనుమానం చాలామంది అడుగుతారు – ఈ మార్పు మనవల మనవలకు పారుతుందా అని. పారదు. ముచ్చెలోని తెగులు కార్శి తోటకూ వస్తుందని చెరకు రైతుకు తెలుసు. సంతానానికి పారేలా బీజకణాలను మార్చడం మన దేశంలో నిషిద్ధమని ఐ.సి.ఎం.ఆర్. వారి 2019 మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఇక మా ఏజెంటు సంగతి. నేను మూడు కాగితాలు అడిగాను. పిల్లవాడి జబ్బు ఏ జన్యువులో ఉందో చెప్పే పరీక్ష రిపోర్టు ఒకటి. మందుకు డ్రగ్స్ కంట్రోలర్ జనరల్ అనుమతి రెండవది. ఇంకా ప్రయోగమే అంటే సి.టి.ఆర్.ఐ. రిజిస్ట్రేషను నంబరు, ఎథిక్స్ కమిటీ అనుమతి. పైగా ప్రయోగమైతే దాని ఖర్చు రోగి నెత్తిన వేయరాదు! అతను రంగుల కరపత్రం ఒకటి చూపించాడు. మళ్లీ రాలేదు, యాభై వేలూ రాలేదు.

తర్వాత హైదరాబాదులో రక్తపరీక్ష చేయిస్తే, బాబుది ఎస్.ఎం.ఏ. కాదు, వేరొక కండరాల జబ్బు అని తేలింది. అంటే తప్పు వేరే పేజీలో ఉంది. ఈ పేజీ సవరణ ఆ పేజీకి పనికిరాదు. ఆ 16 కోట్ల మందు ఉచితంగా ఇచ్చినా అతనికి పనిచేయదన్నమాట.

చికిత్సలు మన దేశంలోనూ వస్తున్నాయి. ముంబాయి ఐ.ఐ.టి., టాటా మెమోరియల్ వారి కృషితో వచ్చిన నెక్స్‌కార్ 19 అనే రక్త క్యాన్సర్ చికిత్సకు 2023లో అనుమతి వచ్చింది. వెల్లూరు సి.ఎం.సి.లో హీమోఫిలియా రోగులపై చేసిన ప్రయోగం ఫలితాలు 2024లో ప్రచురితమయ్యాయి.

బాబు ఇప్పుడు రోజూ ఫిజియోథెరపీకి వెళ్తున్నాడు. పొలం పట్టా బీరువాలోనే ఉంది. మీ ఇంట్లో ఎవరికైనా ఇటువంటి కాగితం వస్తే, సంతకానికి ముందు శనివారం సాయంత్రం మన సంఘం ఆఫీసుకు తీసుకురండి. కళ్లద్దాలు మార్పించాను, ఇద్దరం కలిసి చదువుదాం.