ఒక్క మాట లేకపోతే
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బల్ల చుట్టూ కూర్చుని పాచికలు వేస్తూ కథలల్లే ఆట ఒకటుంది, 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. 1974లో అమెరికాలో పుట్టింది. 2000లో దాని యజమానులైన విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ వారు, దాని మూల నియమాలతో ఎవరైనా రుసుము లేకుండా పుస్తకాలు వేసుకోవచ్చని ఓపెన్ గేమ్ లైసెన్సు ఇచ్చారు. అయితే 'ఫలానా ఆటకు సరిపోతుంది' అని వారి పేరు వాడరాదు. అట్టమీద 'డి-ట్వంటీ' ముద్రకు వేరే లైసెన్సు. నియమం వేరు, ముద్ర వేరు. ఆఫీసు సీలు కాపాడిన మనకు ఇది కొత్తా! ఆ ముద్ర లైసెన్సును 2008లో ఎత్తేశారు.

2023 జనవరిలో కొత్త ముసాయిదా బయటికి పొక్కింది. ఏటా ఏడున్నర లక్షల డాలర్లు దాటిన రాబడిపై రాయల్టీ కట్టాలట, పాత లైసెన్సు చెల్లదట. పాత పత్రంలో 'శాశ్వతం' అని ఉంది గాని, 'రద్దు చేయరాదు' అని లేదు. చిన్న ప్రచురణకర్తల బతుకు ఆ లేని మాట మీద వేలాడింది. రద్దు చేసే ఉద్దేశమే లేదని నాడు దాన్ని నడిపించిన ర్యాన్ డాన్సీ చెప్పారు. కాని ఫైలులో ఉద్దేశాలుండవు, అక్షరాలే ఉంటాయి.

ఆటగాళ్లు భగ్గుమన్నారు. అదే నెల 27న కంపెనీ వెనక్కి తగ్గి, మూల నియమాలను క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద పెట్టింది. అందులో 'రద్దు చేయరాదు' అన్న మాట ఉంది. 'ఐదవ కూర్పుకు సరిపోతుంది' అని వేసుకోవడానికీ అనుమతించారు. ఆట పేరు మాత్రం కంపెనీదే.