వాన రాకముందే నారు



రోహిణి కార్తె ఎండ ఎట్లుంటుంది? రోళ్ళు పగులుతాయంటారు. మబ్బు తునక కనబడదు. బావిలో నీళ్ళు అడుగంటుతాయి. అట్లాంటి ఎండలోనే మోమిన్‌పేట్ దిక్కు ఆడమనిషి దాచిన గింజల మూట విప్పుతుంది. పెరట్లో చిన్న మడి చేసి నారు పోస్తుంది.

వాన జాడ లేదు. గింజ మాత్రం మట్టిలో పడింది. ఇది పిచ్చి పనా? కాదు. ఇది ఆశ. ఉత్త ఆశ కాదు, లెక్క ఉన్న ఆశ.

ఆ లెక్క చూడండి. టమాట నారు 25 నుంచి 30 రోజులకు నాటుకు వస్తుంది. వంకాయ నారుకు 30 నుంచి 35 రోజులు. మిరప నారుకు 40 రోజుల దాకా పడుతుంది. ఈ దిక్కు తొలకరి మామూలుగా జూన్ రెండో వారంలో వస్తుంది. వాన పడ్డాక నారు పోస్తే నాటేసరికి జులై నడుమకు వస్తుంది. మే 25న పోస్తే జూన్ 20 నాటికి టమాట నారు చేతికొస్తుంది.

ముందు గింజను పరీక్షించాలి. పది గింజలు తడి గుడ్డలో కట్టండి. గుడ్డ ఆరనీయొద్దు. పది రోజులకు విప్పి లెక్కపెట్టండి. ఎనిమిది మొలిస్తే మంచి గింజ. అయిదే మొలిస్తే గింజ ఎక్కువ పోయాలి. రెండే మొలిస్తే దాన్ని నమ్ముకోవద్దు.

మడి జానెడు ఎత్తు ఉండాలి. మాగిన పశువుల ఎరువు కలపాలి. గీతలు గీసి, గింజలు చల్లి, పలుచగా మన్ను కప్పాలి. పైన గడ్డి పరచాలి. చీమలు పట్టకుండా చుట్టూ బూడిద చల్లాలి. చెంబుతో కుమ్మరించొద్దు, చిల్లుల డబ్బాతో తడపాలి. బియ్యం కడిగిన నీళ్ళు కూడా పనికొస్తాయి. మొలక కనబడగానే గడ్డి తీసెయ్యాలి. నీళ్ళు నిలిస్తే నారు కుళ్ళుతుంది.

గింజంతా ఒక్కసారే పోయొద్దు. సగం దాచి, పదిహేను రోజులాగి పోయండి. వాన వెనకబడితే మొదటి నారు ముదిరిపోతుంది. అప్పుడు రెండో నారు అక్కరకొస్తుంది.

పొరుగున జహీరాబాద్ ప్రాంతం ఉంది. అక్కడ పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది. అది 1983లో మొదలైంది. దాని మహిళా సంఘాల్లో చాలామంది దళిత మహిళలు, కొద్దిపాటి భూమి ఉన్నవాళ్ళు. జొన్న, కొర్ర, సామ, కంది విత్తనాలను బూడిద, వేపాకు కలిపి దాచారు. ఊరూరా విత్తన నిధి పెట్టుకున్నారు. విత్తనం తీసుకున్నామె పంట రాగానే అంతకంటే ఎక్కువ తిరిగి పోస్తుంది. విత్తనం కోసం షావుకారి గడప తొక్కే పని తప్పింది. 2019లో ఈ సంఘాలకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

వాళ్ళలో ఎంతోమందికి చదువు రాదు. గుర్తు పెట్టుకునే అంతా నడిపారు. మీకు ఇప్పుడు అక్షరం కూడా తోడుంది. చిట్టీ మీద గింజ పేరు, పోసిన తేదీ రాసి మడి దగ్గర పుల్లకు గుచ్చండి. దుకాణంలో కొంటే పాకెట్ మీద గడువు తేదీ చదవండి. బిల్లు అడిగి తీసుకోండి, దాచుకోండి. హైబ్రిడ్ అని ఉంటే దాని కాయ నుంచి తీసిన గింజ మళ్ళీ అట్లాగే కాయదు. నాటు రకమైతే మంచి చెట్టుకు రెండు కాయలు పండనిచ్చి విత్తనానికి వదలండి.

వాన చేతిలో లేదు. గింజ చేతిలో ఉంది.

మాట్లాడుకోండి:
మీ ఇంట్లో ఏ ఏ గింజలు దాచారు?
మీ సంఘంలో విత్తన నిధి పెట్టుకుంటే ఎవరు ఏమి తేగలరు? పేర్లు రాయండి.